గీకిన తోలు

సముద్రం మీది నుంచి తడిగాలి వీచే రోజున ఎలిశబెతు తోలు ముట్టదు. తడిగాలి తాగిన తోలు లోలోపల మూగబోతుందని వాళ్ళ నాయన హెన్రీ అనేవాడు. అందుకని ఆమె పడమటి గాలి కోసం కాచుకుంటుంది. వాకాడుకు తూర్పున, సరుగుడు తోపుల వెనక, ఇసుకలో సగం కూరుకుపోయినట్టుండే పాళెం వాళ్ళది. తెల్లవారగానే వాకిట్లోకి వచ్చి తోపు తలలు ఏ పక్కకు వంగుతున్నాయో చూస్తుంది. సముద్రం వైపు వంగితే ఆ రోజు పని ఉన్నట్టు. ఇంటి వైపు వంగితే లేనట్టు.

ఆమె చేసేది కంజిరలు. జానెడు వెడల్పున్న పనసచెక్క చట్రం, దాని మీద బిగించిన ఉడుము పొట్టతోలు, చట్రం చీలికలో గలగలలాడే పాత నాణేలు. అంతే కంజిర. చూడటానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. లోపల నాలుగు నీటిచుక్కలు చిలకరించి వేళ్ళతో కొడితే మాత్రం, ఎక్కడో లోతున బావిలో ఎవరో మాట్లాడినట్టు పలుకుతుంది. ఆదివారం చర్చి పాటకూ, శనివారం రామభజనకూ, చెన్నైలో కచేరీకీ అదే తోలు. తోలుకు మతం లేదని హెన్రీ నవ్వేవాడు.

హెన్రీకి ఇద్దరు బిడ్డలు. కొడుకు టైటస్‌ది అడివికాలు. కూతురు ఎలిశబెతుది పనిచెయ్యి. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆయన ఆమె చేతిలో ఆలిచిప్ప పెట్టి, ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి, తోలు లోపలి వైపు గీకడం నేర్పాడు.

“మాంసం గీకినట్టు గాదు మే. నిద్రపొయ్యే బిడ్డ వీపు నిమిరినట్టు. గీకని తోలు చెవిటిది. నువ్వు కొట్టింది దానికి వినపడదు.”

తోలును వెలుగుకు ఎత్తిపట్టి, అవతలి వైపున్న వేలి నీడ కనిపించేదాకా గీకాలి. ఎలిశబెతు అలా గీకుతూ పెద్దదయింది. గీకుతూనే నాయన్ని సాగనంపింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, ఈ తోళ్ళ వాసన ఎవురికి నచ్చుద్దిలే అని నవ్వి ఊరుకునేది. ఆమె ముంజేతికి ఒక వంపు ఏర్పడింది. అన్నం కలిపేటప్పుడూ, ప్రార్థనలో చేతులు మోడ్చినప్పుడూ ఆ వంపు అలాగే ఉండేది.

తోళ్ళు తెచ్చేది టైటస్. తోపుల్లో, తాటివనాల్లో, పుట్టల చుట్టూ తిరిగి ఉడుములు పట్టేవాడు. ప్రాణంతోనే తేవాలి. కాళ్ళు వెనక్కి విరిచి, వాటి నరాలతోనే వాటిని ముడివేసి, అరుగు మీద పడేసేవాడు. పనికి పూనుకునేదాకా అవి అక్కడే పడుండేవి. నాలుక బయటికి జాపి గాలిని రుచి చూసుకుంటూ, ఒక్కొక్కసారి కన్ను మూసి తెరుస్తూ. ఉడుము అరవదు. అరిచే జంతువైతే ఆ ఇంట్లో ఆ పని అన్నేళ్ళు సాగి ఉండేది కాదేమో. ఎలిశబెతు వాటి వైపు వీపు పెట్టుకొని కూర్చునేది. తోలు తన చేతికి వచ్చేసరికి అది తోలు మాత్రమే అయ్యుండేది.

ఉడుమును పట్టడం పులిని పట్టినంత నేరమని పాళెంలో అందరికీ తెలుసు. తెలిసినా, దొరికేదాకా ఎవరికీ భయం లేదు. టైటస్ దొరికాడు. గోతంలో ప్రాణంతో ఉన్న ఉడుములతో సహా తోపు చివర పట్టుకున్నారు. జైలు నుంచి బెయిలు మీద తిరిగొచ్చిన మనిషి వేరే మనిషి. తలుపు వేసిన గదిలో పడుకోలేడు. వానలోనైనా అరుగు మీదే. ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే రెండు చేతులూ వాటంతటవే పైకి లేచేవి. మరోసారి దొరికితే బెయిలు మాట మరిచిపొమ్మని, ఏళ్ళ తరబడి లోపలే అని వకీలు చెప్పాడు. ఆ మాట విన్న రోజున ఎలిశబెతు చట్రాలన్నీ మూటకట్టి అటక మీదికి ఎక్కించింది.

వాటిని కిందికి దించింది జయశీల. నెల్లూరు పిల్ల, చెన్నైలో ఒక ప్రయోగశాలలో పని. ఆమె మంచుపెట్టె పట్టుకొని ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు టైటస్ దూరంగా స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. పెట్టెలోంచి ఆమె ఒక రేకు బయటికి తీసింది. పల్చగా, పగటి చందమామ రంగులో, పొలుసుల జాడ లేకుండా ఉంది. వాసన లేదు.

“ఇది ఉడుము తోలేనక్కా. కానీ దీని కోసం ఏ ఉడుమూ చావలా.”

“చావకుండా తోలెట్టా వచ్చింది? కుబుసమా?”

“ఒక ఉడుము తోక కొస నుంచి గోరంత ముక్క తీసి, దాన్ని మళ్ళా వదిలేసినారు. ఆ ముక్కను గాజుతొట్లో పెంచినాం. పాలకు తోడేస్తే పెరుగు పేరుకోదా, అట్టా.”

“పెరిగీ పెరిగీ రేపు తోక మొలిచి, తొట్లోంచి దూకి కరవదు గదా మేడమ్?” అన్నాడు టైటస్. జైలు నుంచి వచ్చాక వాడు పరాచికమాడటం ఎలిశబెతు అప్పుడే వినడం.

“కరిస్తే నిన్నే కరుస్తాదిలే అన్నా. పాత పగ గదా” అంది జయశీల. ముగ్గురూ నవ్వారు.

ఇలాంటి తోలు చౌకగా, తేలికగా దొరికితే తోపులో ఉడుమును పట్టాల్సిన అవసరమే ఉండదని, వాయించేవాళ్ళు మెచ్చే కంజిర చేయగల చెయ్యి కావాలని జయశీల వచ్చింది. ఎలిశబెతు ఒప్పుకుంది. ఉడుముల మీద జాలితో ఒప్పుకున్నానని ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. తమ్ముడు గోతం పట్టుకొని మళ్ళీ తోపులోకి పోకూడదు. ఆమెకు కావలసింది అదొక్కటే.

పడమటి గాలి వీచిన రోజున ఆమె ఆ కొత్త తోలును నీళ్ళలో నానబెట్టింది, గీకింది, చింతగింజల బంకతో చట్రానికి ఎక్కించింది, నీడన ఆరబెట్టింది. ఆరాక టైటస్ చేతికిచ్చింది. వాడు లోపల నీళ్ళు చిలకరించి వేళ్ళు ఆడించాడు. బావి పలికింది. అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వాకిట్లో ఇసుక మీద గాలి గీసిన గీతల్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయారు.

అటవీశాఖ అనుమతి ఒక షరతు మీద వచ్చింది. ప్రతి తోలు మీదా గుర్తు ఉండాలి. కంటికి కనపడని రంగు. ఊదారంగు లైటు వేస్తే పచ్చగా మెరుస్తుంది. మెరిస్తే ప్రయోగశాల తోలు, మెరవకపోతే చంపిన ఉడుముది. గుర్తు వేసిన తోళ్ళు మొదటిసారి తెచ్చిన రోజున జయశీల లైటు వేసి చూపించింది.

“పైవైపు వేలు పడే చోటు గదక్కా, వాయించేవాళ్ళు ఒప్పుకోలా. అందుకని లోపలి వైపు వేసినాం. నీళ్ళకు పోదు, ఎండకు పోదు, చెమటకు పోదు.”

ఎలిశబెతు తలూపింది. ఆలిచిప్పకు పోతుందా అని ఎవరూ అడగలేదు. జయశీలకు గీకడమంటే మాంసం తీసెయ్యడమే. ఈ తోలుకు మాంసమే లేదు కాబట్టి ఆ ప్రశ్న ఆమెకు తట్టలేదు. ఎలిశబెతుకేమో గీకడం చెప్పవలసిన సంగతి అనిపించలేదు. అన్నం వండినామని చెప్పేవాళ్ళు బియ్యం కడిగినామని కూడా చెప్తారా?

అలా ఆ యేడు ఇంట్లో వెలుగు వచ్చింది. టైటస్ తోపు దారి మానేశాడు. చర్చిలో మొదటి వరసలో కూర్చొని కంజిర వాయించాడు. వాయిస్తున్నంతసేపూ ముఖం పైకెత్తే ఉన్నాడు. సంఘంలో కొందరు వెనక గుసగుసలాడితే, “లైటేసి చూసుకోండి అన్నా” అన్నాడు గట్టిగా. ఎవరి దగ్గరా లైటు లేదు. ఎవరూ చూడలేదు.

చెన్నైలో ఒక వాద్యాల అంగడి వాళ్ళు కంజిరలు కావాలంటే, సంచిలో సర్దుకొని టైటస్ పగటి బస్సెక్కాడు. దారిలో తనిఖీ జరిగింది. కంజిర తోలును చూడగానే అధికారి వాణ్ణి దించాడు. లైటు వేస్తారని టైటసే నవ్వుతూ సంచి విప్పాడట. ఒక్కొక్క కంజిరనూ బోర్లించి లైటు వేశారు. ఒక్కటీ మెరవలేదు.

ఎలిశబెతు అటవీశాఖ రేంజి ఆఫీసుకు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. రేంజరు పద్మనాభయ్య నెమ్మదైన మనిషి. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“మా దగ్గరుండేది ల్యాబు తోళ్ళే సార్. లైటేసి చూడండి.”

ఆయన కిటికీ రెక్కలు మూసి లైటు వేశాడు. మొదట ప్రయోగశాల వాళ్ళు నమూనాగా ఇచ్చిన తోలు మీద. వేసవి రాత్రి చీకట్లో సముద్రపు అల విరిగినప్పుడు పుట్టే పచ్చని మెరుపులా అది వెలిగింది. తర్వాత ఆమె చేసిన కంజిర మీద. లోపల చీకటి. దాని పక్కది. చీకటి.

ఎలిశబెతు ఆ చీకటిలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె కుడి ముంజేయి ఆ వంపులోనే ఉంది. మొదట తెలిసింది ఆ చేతికే.

“లోపల ఏమన్నా పూసినావా అమ్మా?”

“పూయలా సార్. గీకినా.”

“దేన్ని?”

“తోల్ని. గీకాల గదా సార్. గీకకపోతే పలకదు.”

పద్మనాభయ్య లైటు ఆర్పేశాడు. కిటికీ తెరవడం మాత్రం మరిచిపోయాడు.

“నువ్వు చెప్పేది నిజమే అయ్యుండొచ్చమ్మా. నిజమైతేనే నాకు కష్టం. గీకేస్తే గుర్తు పోతాదని నేను ఒప్పుకున్నానంటే, రేపట్నుంచి ఉడుమును చంపిన ప్రతివాడూ గీకినానంటాడు.”

“పరీక్షకు పంపండి సార్. ఏ తోలో తెలుస్తాది గదా?”

“పంపినాం. ఉడుమనే వస్తాది. మీ తొట్లో పెరిగిందీ ఉడుమే, తోపులో తిరిగేదీ ఉడుమే. తేడా ఆ గుర్తొక్కటే.” ఆయన ఒక కాగితం ముందుకు జరిపాడు. “పైగా నీ తమ్ముడు ఒప్పుకున్నాడు. తానే పట్టినానని చెప్పి సంతకం పెట్టినాడు.”

కటకటాల గదిలో టైటస్ గోడకు కాకుండా తలుపుకు ఆనుకొని కూర్చున్నాడు. గాలి తగిలే చోటు అదొక్కటే.

“ఏందిరా నువ్వు చెప్పింది?”

“నేనే పట్టినానని చెప్పినా.”

“పట్టలేదు గదరా!”

“ఇప్పుడు పట్టలేదులే. ముందు పట్టినవి లేవా? వాటిల్లో జమేసుకుంటారు.” నవ్వబోయాడు, రాలేదు. “కంజిరల మీద నీ పేరుండాది కా. చేసిందెవురని అడిగినారు. నిన్ను తీసుకొస్తామన్నారు. నాకేమో ఈ గోడలు అలవాటే.”

వాడికి గోడలు అలవాటు కాలేదని ఇద్దరికీ తెలుసు. వాడి చొక్కా వీపు మీద చెమటతో అతుక్కుపోయి ఉంది. ఊపిరి, గట్టున పడ్డ చేప ఊపిరిలాగా, పైపైనే ఆడుతోంది. ఆమె కటకటాల్లోంచి చెయ్యి పెట్టి వాడి తల తాకింది. ఈ చేతితోనే గీకాను అనుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు జయశీల పరుగున వచ్చింది. ఎలిశబెతు ఇంటి అరుగు మీద కూర్చుంది. మంచుపెట్టె తేలేదు.

“అక్కా, అధికారులందరి ముందూ తోలు గీకి చూపిస్తానన్నావంట.”

“ఇంకేం చెయ్యమంటావు?”

“నాకు కొంచెం టైమియ్యి. తోలు మందమంతా రంగు పట్టేటట్టు చేస్తా ఉండాం. అప్పుడు ఎంత గీకినా పోదు. వచ్చే యాడాదికి అయిపోద్ది. ఇప్పుడు నువ్వు గీకి చూపించినావంటే అనుమతి అప్పటికప్పుడే రద్దు. ఇక్కడొక్క చోటే గాదు. పులిగోరు పెంచేవాళ్ళుండారు, ఖడ్గమృగం కొమ్ము పెంచేవాళ్ళుండారు. వాళ్ళందర్నీ ఇదే అడుగుతారు. మీ గుర్తు కూడా గీకితే పోద్దా అని.”

“వచ్చే యాడాదిదాకా వాడు ఆ గదిలో బతుకుతాడా?”

 జయశీల కళ్ళు తడిశాయి. మంచి పిల్ల. ఆమె ఏడుస్తున్నది ఏ ఉడుము కోసమో, ఏ అడవి కోసమో, తాను ఎన్నడూ చూడని జంతువుల కోసమో అని ఎలిశబెతుకు తెలుసు. తనకు మాత్రం ఒక్క తమ్ముడే కనిపిస్తున్నాడు. అంత దూరం చూడలేని తన కళ్ళను చూసి ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా మాట మార్చలేదు.

“నేను అడగాల్సిందక్కా” అంది జయశీల లేచి వెళ్తూ. “గీకుతావా అని ఒక్క మాట.”

“నేను చెప్పాల్సింది” అంది ఎలిశబెతు.

రేంజి ఆఫీసులో పెద్ద బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. పైనుంచి వచ్చిన అధికారులు, వకీలు, ప్రయోగశాల పెద్ద ఒకాయన, అందరి వెనకా జయశీల. బయట తడిగాలి. తోలు పని చేసే రోజు కాదు. పద్మనాభయ్య సీలు విప్పి కొత్త తోలు తీసి లైటు వేశాడు. పచ్చగా వెలిగింది. గదిలో ఉన్న ముఖాలన్నీ ఆ వెలుగులో ఒక క్షణం నీళ్ళలో మునిగినవాళ్ళ ముఖాల్లా కనిపించాయి.

ఎలిశబెతు తోలు నానబెట్టింది. పరిచింది. ఆలిచిప్ప చేతిలోకి తీసుకుంది. గట్టిగా గీకి పారేస్తే ఒక్క నిమిషం పని. కానీ చెయ్యి ఆమె మాట వినలేదు. నేర్చుకున్నట్టే గీకింది, నిద్రపోయే బిడ్డ వీపు నిమిరినట్టే. బెరడు కింద పురుగు నడిచినంత సన్నని చప్పుడు. అలవాటుగా తోలును వెలుగుకు ఎత్తిపట్టి, అవతల వేలి నీడ కనిపించాక బల్ల మీద పెట్టింది.

“చూడండి సార్.”

లైటు పడింది. ఏమీ మెరవలేదు.

వకీలు హమ్మయ్య అన్నాడు. ప్రయోగశాల పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. పద్మనాభయ్య తలొంచుకొని రాసుకున్నాడు. ఎలిశబెతు జయశీల కోసం వెతికింది. ఆ పిల్ల అప్పటికే గోడ వైపు తిరిగి నిలబడింది.

టైటస్‌కు బెయిలు వచ్చింది. కేసు నిలవదని వకీలు ధీమాగా చెప్పాడు. వాడు ఇంటికి వచ్చిన వారంలోనే ఒక జీపు వచ్చి మిగిలిన తోళ్ళన్నీ మంచుపెట్టెల్లో సర్దుకొని వెళ్ళింది. జయశీల రాలేదు. ఫోను చేస్తే, బాగున్నావా అక్కా అని అడిగింది. ఇద్దరూ ఆ ఒక్క మాట చుట్టూ తిరిగి పెట్టేశారు.

ఎలిశబెతు ఇప్పుడు రొయ్యల షెడ్డుకు పోతోంది. రొయ్యల తలలు గిల్లే పని. టైటస్ వలలు బాగుచేస్తాడు. చర్చిలో వెనక వరసలో కూర్చుంటాడు.

ఆషాఢం గాలులు మొదలైన రోజుల్లో సుధాకర్ వచ్చాడు. పాత తోళ్ళ వ్యాపారి. టైటస్ మొదటిసారి దొరికినప్పటి నుంచి ఆ గుమ్మం తొక్కనివాడు. చంకలో గోనెపట్టా చుట్ట.

“ఏంకా, బాగుండావా? మొహం చూపించలేక రాలేదులే.”

“ఇప్పుడేం చూపిద్దామని వచ్చినావు?”

అతను అరుగు మీద పట్టా విప్పాడు. లోపల తోళ్ళు. ఉప్పు చల్లి ఉన్నా వాసన దాగలేదు. పొలుసుల వరసలు ఇంకా మెత్తగా ఉన్నాయి.

“భయపడబాక. ఇప్పుడు భయం లేదు. ఎవురన్నా పట్టుకుంటే ల్యాబుదే సార్, గీకినా అంటే సరి. నీ కేసే చూపిస్తా ఉండారు అందరూ. ఉత్తరాన జువ్వలదిన్నె దాకా ఇదే మాట. నీ పుణ్యమా అని నలుగురూ బతుకుతా ఉండారు కా.”

ఎలిశబెతు అతని ముఖంలో ఎగతాళి వెతికింది. లేదు. నిజంగానే కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చాడు.

“తీసుకొని పో.”

“ఒకసారి తాకి చూడరాదా. మంచి సరుకు.”

“పొమ్మన్నానా.”

సుధాకర్ నొచ్చుకోలేదు. పట్టా చుట్టుకొని, చెప్పులు దులుపుకొని, వీధి అవతలి కొసకు నడిచాడు. అక్కడా చట్రాలు ఉన్న ఇళ్ళున్నాయి.

టైటస్ ఇంటి పక్కన వల ముందు కూర్చొని ఉన్నాడు. అంతా చూశాడు, విన్నాడు. వల అల్లే దారపు కండె చేతిలోనే ఉంది కానీ చెయ్యి ఆగిపోయింది. ఎలిశబెతు వచ్చి వాడి పక్కన ఇసుకలో కూలబడింది.

“పట్టాలో అన్నిటికీ మీదున్న తోలు ఆడ ఉడుముది కా” అన్నాడు వాడు, వల కళ్ళలోంచి తల ఎత్తకుండా. “ఇది గుడ్లు పెట్టే కాలం. పొట్ట సాగినట్టుండాది, చూసినావా?”

ఆమె చూసింది. అరుగు మీద పట్టా విప్పగానే అన్నిటికంటే ముందు చూసింది అదే.